మేయర్ మాటల్లో బస్సు ఎక్కడుంది?

నగరాన్ని నడపాలనుకునే నాయకుడు పర్యావరణం ఊసెత్తాడంటే సాధారణంగా మొక్కల దగ్గర మొదలుపెడతాడు. లక్ష మొక్కలు, పచ్చని పార్కులు, కరెంటు బస్సులు, సైకిల్ ట్రాకులు. వినడానికి అందరికీ బాగుంటుంది, ఎందుకంటే ఈ జాబితాలో ఎవరి చేతిలోంచీ ఏదీ పోదు. అందుకే ఆ ప్రసంగాల్లో నేను ఒక్క మాట కోసం చెవి ఒగ్గి వింటాను. ఎవరి దగ్గర ఏం తీసుకుంటానంటున్నాడు? రోడ్డు వెడల్పులో కొంత భాగమా? ఉచిత పార్కింగా? పాత డీజిల్ బండిని ఎక్కడికైనా తిప్పే వెసులుబాటా? ఆ మాట నోటి నుంచి వచ్చాకే అతనికి ఈ విషయం మీద ఒక అభిప్రాయం ఉందని నమ్ముతాను.

ప్రపంచమంతటా ఇంధనాల వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు నాలుగో వంతు రవాణా రంగానిదే. అందులో సుమారు ముప్పావు వంతు రోడ్డు మీద తిరిగే వాహనాలది. స్థానిక నాయకుడి చేతిలో బొగ్గు విద్యుత్ కేంద్రాలు ఉండవు, సిమెంటు ఫ్యాక్టరీలు ఉండవు. ఉండేది వీధి. ఆ వీధిని ఎవరికెంత పంచుతాడన్నదే అతని అసలు పర్యావరణ విధానం.

ఈ పంపకం కళ్లకు కనబడాలంటే ఆఫీసు వేళ ఒక పెద్ద సిగ్నల్ దగ్గర పది నిమిషాలు నిలబడితే చాలు. లైను కట్టిన కార్లలో చాలావాటిలో ఒక్కరే ఉంటారు. వాటి వెనకాల ఎక్కడో ఒక బస్సు ఇరుక్కుని ఉంటుంది. అందులో అరవై మంది, తలుపు దగ్గర ఒంటి కాలి మీద నిలబడినవాళ్లతో సహా. సిగ్నల్ పచ్చబడి ముందున్న కార్లు కదిలి, బస్సు వంతు వచ్చేసరికి మళ్లీ ఎరుపు పడుతుంది. అరవై మంది ఇంకో రెండు నిమిషాలు ఆగుతారు. అమెరికా నగరాల రవాణా అధికారుల సంఘం వీధుల డిజైన్ కోసం వాడే లెక్క ఒకటుంది. సుమారు మూడు మీటర్ల వెడల్పున్న ఒక లేన్‌లో కార్లు మాత్రమే నడిస్తే గంటకు 600 నుంచి 1,600 మంది దాటతారు. అదే లేన్‌ను బస్సులకు వదిలేసి, వెంట వెంటనే బస్సులు నడిపితే 4,000 నుంచి 8,000 మంది దాటతారు. తారు అదే, వెడల్పు అదే.

"రోడ్డు వెడల్పు చేస్తే సరిపోతుంది కదా" అనే నాయకులూ ఉంటారు. అమెరికాలోని హ్యూస్టన్‌లో కేటీ ఫ్రీవేను అలాగే వెడల్పు చేశారు. 2008లో పని పూర్తయ్యేసరికి పక్క రోడ్లతో కలిపి కొన్నిచోట్ల 26 లేన్లయ్యాయి. కొన్నేళ్లు తిరక్కుండానే రద్దీవేళల్లో ప్రయాణ సమయం మళ్లీ పెరిగింది. రోడ్డు ఖాళీగా ఉందని తెలిస్తే నిన్నటిదాకా ఇంట్లో ఉన్న కారు కూడా బయటికొస్తుంది, ఊరి చివర కొత్త ఇళ్లు లేస్తాయి, వాటి కార్లూ అదే దారి పడతాయి. దీని గురించి ఇంతకు మించి వాదించాల్సింది లేదనుకుంటాను.

మరి ఉన్న రోడ్డులోంచి కొంత లాక్కున్న నాయకుడికి ఏమవుతుంది? ఈ ప్రశ్నకు అందరూ చెప్పే కథ బ్రెజిల్‌లోని కురిటీబా నగరానిది. 1972 మే నెలలో ఒక శుక్రవారం సాయంత్రం, కోర్టులు మూసేశాక, మున్సిపాలిటీ పనివాళ్లు నగరం నడిబొడ్డున ఉన్న ప్రధాన వ్యాపార వీధిలో తారు తవ్వడం మొదలుపెట్టారు. అప్పటి మేయర్ జైమీ లెర్నర్‌కు 34 ఏళ్లు, వృత్తిరీత్యా ఆర్కిటెక్ట్. కార్లు ఆపేస్తే బేరాలు పోతాయని దుకాణదారులు అప్పటికే మండిపడుతున్నారు. కోర్టు నుంచి స్టే తెచ్చుకునే వ్యవధి వాళ్లకు దొరకకూడదనే వారాంతం చూసుకుని పని పెట్టారు. మూడు రోజుల్లో ఆ వీధి రాళ్లు పరిచి, దీపాలు పెట్టి, పూలతొట్లతో నడిచేవాళ్ల వీధిగా మారిపోయింది. కార్ల యజమానులు కొందరు బండ్లేసుకుని వచ్చి వీధిని మళ్లీ ఆక్రమిస్తామన్నారు. వాళ్లు వచ్చేసరికి వీధి పొడుగునా కాగితాలు పరిచి ఉన్నాయి, వాటి మీద పిల్లలు కూర్చుని రంగులేస్తున్నారు. కొన్నాళ్లకు దుకాణదారులే పక్క వీధులనూ అలా మార్చమని అడిగారు.

ఆ నగరం బస్సుల కథ ఇంకా లోతైనది. 1974లో రోడ్డు మధ్యలో బస్సులకే ప్రత్యేక దారి వేశారు. 1991లో వచ్చిన బస్టాపులను దగ్గర నుంచి చూస్తే ఆ ఆలోచన అర్థమవుతుంది. పొడవాటి గాజు గొట్టంలా ఉంటుంది స్టాపు. టికెట్ డబ్బులు గొట్టంలోకి వెళ్లేటప్పుడే కట్టేస్తారు. లోపలి నేల, బస్సు నేల ఒకే ఎత్తులో ఉంటాయి. బస్సు వచ్చి ఆగగానే గొట్టం తలుపులు, బస్సు తలుపులు ఎదురెదురుగా తెరుచుకుంటాయి, మధ్యలో చిన్న వంతెనలా పలకలు వాలతాయి. మెట్లెక్కడం లేదు, చిల్లర కోసం తడుముకోవడం లేదు, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు కూడా బస్సులోకి నేరుగా వెళ్లిపోతారు. మరుసటి ఏడాది వచ్చిన మూడు పెట్టెల బస్సులో 270 మంది పడతారు. దీంతోపాటు ఎత్తయిన భవనాలకు అనుమతిని ఈ బస్సు దారుల వెంబడే ఎక్కువగా ఇచ్చారు. ఊరు పెరిగిన చోటికి బస్సు పరుగెత్తాల్సిన అవసరం తగ్గింది. బస్సున్న చోటే ఊరు పెరిగింది.

కానీ ఈ కథ చెప్పేవాళ్లు ఒక ముక్క వదిలేస్తుంటారు. 1971లో లెర్నర్‌ను ఎవరూ ఓటేసి గెలిపించలేదు. బ్రెజిల్‌లో అప్పుడు సైనిక పాలన, ఆయన నియమితుడైన మేయర్. దుకాణదారుల కోపం బ్యాలెట్ పెట్టెదాకా వెళ్లే దారే లేదు. 1988లో ఆయన ప్రజల ఓట్లతోనే గెలిచారన్నది నిజమే, అది పనుల ఫలితాలు అందరూ చూశాక. "కురిటీబాలో చేశారుగా, మన దగ్గర ఎందుకు కాదు" అని అడిగేవాళ్లు ఈ తేడాను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఓటర్లకు జవాబు చెప్పుకోవాల్సిన నాయకుడికి శుక్రవారం సాయంత్రం గడ్డపార అందదు, అందకూడదు కూడా.

అతనికి అందేదేమిటో చూద్దాం. ఓటర్లు సరిగా పట్టించుకోని విషయం ఇది. హామీ ఇచ్చే మనిషి చేతిలో దాన్ని నెరవేర్చే అధికారమనే తాళంచెవి ఉందా? పారిస్ సంగతే తీసుకోండి. 2014లో మేయరైన ఆన్ ఇడాల్గో, సెయిన్ నది కుడి ఒడ్డున 1967 నుంచి కార్లు పరుగెత్తిన రోడ్డులో 3.3 కిలోమీటర్లను 2016లో నడిచేవాళ్లకు ఇచ్చేశారు. పర్యావరణ ప్రభావ అధ్యయనం సరిగా లేదని 2018లో కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. ఆమె నదీతీర వారసత్వ పరిరక్షణ కారణంగా చూపి కొత్త ఉత్తర్వు ఇచ్చారు, అది నిలబడింది. వీధి మీద మేయర్‌కు అంత అధికారం ఉంది. అదే నగరంలో మెట్రో, బస్సులు మాత్రం చుట్టుపక్కల ప్రాంతమంతటికీ కలిపి ఉన్న వేరే సంస్థ కింద ఉంటాయి. దాని పగ్గాలు ప్రాంతీయ మండలి అధ్యక్షురాలు, రాజకీయంగా ప్రత్యర్థి అయిన వాలెరీ పెక్రెస్ చేతిలో ఉన్నాయి. అంటే కారును తగ్గించే అధికారం ఒకరిది, కారు దిగినవాళ్లను ఎక్కించుకునే రైలును పెంచే అధికారం ఇంకొకరిది.

న్యూయార్క్‌లో ముడి ఇంకా గట్టిది. నగరం నడిబొడ్డులోకి వచ్చే కార్ల మీద రద్దీ సుంకం వేయాలని మేయర్ మైకేల్ బ్లూమ్‌బర్గ్ 2007లో ప్రతిపాదించారు. నగర మండలి సరేనంది. రాష్ట్ర శాసనసభ 2008లో దాన్ని ఓటింగ్‌కే రానివ్వలేదు. ఆ సుంకం చివరికి అమలైంది 2025 జనవరి 5న, రాష్ట్రం చేసిన చట్టంతో. అక్కడి బస్సులు, సబ్‌వే కూడా రాష్ట్ర సంస్థవే. 2025 ఎన్నికల్లో జోహ్రాన్ మమ్‌దానీ వేగంగా నడిచే ఉచిత బస్సుల హామీతో మేయర్‌గా గెలిచారు. ఆ హామీలో వేగం సగం చాలావరకు ఆయన చేతిలో ఉంది, ఎందుకంటే వీధులు నగరానివి, బస్సు లేన్ గీయాల్సింది నగరమే. ఉచితం అన్న సగానికి మాత్రం రాష్ట్రం డబ్బూ, ఒప్పుదలా రెండూ కావాలి. ఒకే వాక్యంలో ఉన్న రెండు మాటలు రెండు వేర్వేరు ఆఫీసుల తలుపు తట్టాలి. ఓటు అడగడానికి వచ్చిన నాయకుణ్ని నిలదీయాల్సిన చోటు ఇదే.

లండన్‌లో ఈ తాళాలు చాలావరకు ఒకే గుత్తిలో ఉన్నాయి. 1999 నాటి చట్టం మేయర్‌కు బస్సుల మీద, ప్రధాన రోడ్ల మీద, రద్దీ సుంకం వేయడం మీద అధికారం ఇచ్చింది. 2000లో స్వతంత్ర అభ్యర్థిగా గెలిచిన కెన్ లివింగ్‌స్టన్ 2003 ఫిబ్రవరి 17న ఆ సుంకం మొదలుపెట్టారు. నగరం మధ్యలోకి కారు తెస్తే రోజుకు 5 పౌండ్లు. ఆయన చేసిన అసలైన మంచి పని ఆ అయిదు పౌండ్లు కాదు, దాని ముందు సర్దిపెట్టింది. సుంకం మొదలయ్యే రోజుకు సుమారు 300 బస్సులు అదనంగా రోడ్డెక్కాయి. నికర ఆదాయం పదేళ్లపాటు రవాణాకే ఖర్చుపెట్టాలని చట్టంలోనే ఉంది. ఆ ప్రాంతంలోకి వచ్చే వాహనాలు దాదాపు 18 శాతం తగ్గాయి. దారి మూసే ముందు ఇంకో దారి తెరిచాడా అన్నది నా దృష్టిలో నాయకుడి నిజాయితీకి గీటురాయి.

బస్సు గురించి మాట్లాడే నాయకులు ఎన్ని బస్సులు కొంటామో చెబుతారు, ఎంతసేపటికొకటి వస్తుందో చెప్పరు. స్టాపులో నిలబడే మనిషికి కావాల్సింది రెండోదే. ఒక చిన్న లెక్క వేసి చూడండి. ఒక రూటులో బస్సు వెళ్లి రావడానికి రెండు గంటలు పడుతుందనుకుందాం. 12 బస్సులుంటే పది నిమిషాలకొకటి వస్తుంది. ఇప్పుడు ఆ దారిలో బస్సులకు ప్రత్యేక లేన్ ఇచ్చి, సిగ్నల్ దగ్గర ముందు వదిలి, ప్రయాణాన్ని గంటన్నరకు తెచ్చారనుకోండి. అవే 12 బస్సులు, అంతమంది డ్రైవర్లు, కానీ బస్సు ఏడున్నర నిమిషాలకొకటి. నాలుగు కొత్త బస్సులు, వాటిని నడిపే మనుషులు ఉంటే ఎంత ఉపయోగమో, ఒక తెల్లగీత, దాన్ని గౌరవించేలా చూసే ఒక కెమెరా అంత ఉపయోగం ఇచ్చాయి. దీనికి తలకిందులుగా జరిగేదీ చూస్తూనే ఉంటాం. ట్రాఫిక్ పెరిగి బస్సు నెమ్మదిస్తుంది, ఆలస్యానికి విసిగి జనం ఎక్కడం మానేస్తారు, జనం లేరని ట్రిప్పులు తగ్గిస్తారు, ట్రిప్పులు తగ్గాయని మిగిలినవాళ్లూ బండి కొనుక్కుంటారు. చివరికి బస్సులో మిగిలేది వేరే దారి లేనివాళ్లే. వాళ్ల టైముకు విలువ లేదని ఏ నాయకుడూ పైకి అనడు, కానీ లేన్ ఇవ్వనన్న ప్రతిసారీ ఆ మాట అన్నట్టే.

టికెట్ ఉచితం చేస్తే కార్లు తగ్గుతాయా? ఎస్టోనియా రాజధాని టాలిన్ 2013లో తన నివాసులకు బస్సులు, ట్రాములు ఉచితం చేసింది. మేయర్ ఎద్గార్ సావిసార్ దీన్ని పెద్ద ఎత్తున ప్రచారం చేశారు. తర్వాత జరిగిన పరిశీలనల్లో తేలిందేమంటే, కొత్తగా ఎక్కినవాళ్లలో చాలామంది అంతకుముందు నడిచి వెళ్లినవాళ్లు, కారు వదిలినవాళ్లు తక్కువ. న్యూయార్క్‌లో 2023, 2024 సంవత్సరాల్లో అయిదు రూట్లలో ఉచితం చేసి చూస్తే ఎక్కేవాళ్లు పెరిగారు, బస్సు వేగం పెరగలేదు. ఉచిత టికెట్ పేదవాళ్ల నెల ఖర్చులో నిజమైన ఊరట, ఆ కారణంగానే దాన్ని సమర్థించాలి. కాలుష్యం తగ్గించే మందు అని అమ్మితే మాత్రం ఒప్పుకోకూడదు. కారున్నవాణ్ని ఆపుతున్నది టికెట్ ధర కాదు, బస్సు ఎప్పుడొస్తుందో తెలియని టెన్షన్.

కరెంటు బస్సులదీ ఇలాంటి కథే. చైనాలోని షెన్‌జెన్ 2017 చివరికల్లా తన 16,000కు పైగా బస్సులను కరెంటుకు మార్చేసింది. పొగ లేదు, మోత లేదు, బస్టాపు పక్కన ఇల్లున్నవాళ్లకు అది చిన్న విషయం కాదు. అయితే కార్ల వెనక ఇరుక్కున్న కరెంటు బస్సు కూడా ఇరుక్కున్న బస్సే.

ఇప్పుడు ఈ విషయంలో అన్నింటికన్నా చిక్కైన చోటికి వద్దాం. కాలుష్యాన్ని అరికట్టే నియమం పేదవాడి మీదే పడితే? లండన్‌లో మేయర్ సాదిక్ ఖాన్ 2019లో అతి తక్కువ కాలుష్య మండలం ప్రారంభించి, 2021లో విస్తరించి, 2023 ఆగస్టు 29 నుంచి నగరమంతటికీ వర్తింపజేశారు. ప్రమాణాలకు తగని బండి నడిపిన రోజు 12.50 పౌండ్లు కట్టాలి. ప్రమాణం వయసు మీద కాదు, పొగ మీద. దాంతో 2006 నాటి పెట్రోలు కారు చాలావరకు ఉచితంగా తిరగొచ్చు, 2014 నాటి డీజిల్ వ్యాను మాత్రం కట్టాలి. శివార్లలో ఉండి, తెల్లవారుజామున పనిముట్లు వ్యానులో వేసుకుని బయల్దేరే ప్లంబర్‌కు ఇది వారానికి అరవై పౌండ్ల మాట. బస్సుల మీద ఆధారపడమనడానికి శివార్లలో నగరం మధ్యలో ఉన్నన్ని బస్సులు లేవు. అతని కోపాన్ని పర్యావరణం మీద ద్వేషమని కొట్టిపారేయడం అన్యాయం.

రెండో వైపూ చూడాలి. లండన్‌లో రద్దీగా ఉండే ఒక పెద్ద రోడ్డుకు దగ్గరలో పెరిగిన తొమ్మిదేళ్ల పాప తీవ్రమైన ఆస్తమాతో 2013లో చనిపోయింది. తల్లి ఏళ్ల తరబడి పోరాడితే, 2020 డిసెంబరులో మరణ విచారణాధికారి ఆ మరణానికి కారణాల్లో గాలి కాలుష్యాన్ని నమోదు చేశారు. బ్రిటన్‌లో అలా రాయడం అదే మొదటిసారి. పెద్ద రోడ్ల పక్కన ఇళ్లున్నవాళ్లలో చాలామందికి కారే ఉండదు. పొగ పీల్చేదీ పేదలే, సుంకం కట్టేదీ కొందరు పేదలే. ఈ రెంటినీ ఒకేసారి చూడగలిగినవాడే ఇక్కడ పనికొచ్చే నాయకుడు.

ఖాన్ చేసిన తప్పు నా లెక్కన పనులు చేసిన వరుసలో ఉంది. పాత బండి వదులుకునేవాళ్లకు సాయం అందించే పథకం మొదట్లో కొన్ని రకాల భత్యాలు పొందేవాళ్లకు, చిన్న వ్యాపారులకు, ఇలా కొద్దిమందికే ఉండేది. అది పాత కార్లున్న లండన్ వాసులందరికీ తెరుచుకుంది, సుంకం మొదలవడానికి కొద్ది రోజుల ముందు. ఈలోగా 2023 జులైలో లండన్ శివారైన అక్స్‌బ్రిడ్జ్‌లో పార్లమెంటు ఉప ఎన్నిక ఈ ఒక్క విషయం చుట్టూ తిరిగి, ఖాన్ పార్టీ 495 ఓట్లతో ఓడింది. సొంత పార్టీ నాయకత్వమే పునరాలోచించమంది. ఆయన వెనక్కి తగ్గలేదు. 2024 మేలో మూడోసారి గెలిచారు. ముందు సాయం, తర్వాత సుంకం అనుకుని ఉంటే ఆ ఏడాదంతా నడిచిన గొడవలో సగం ఉండేది కాదని నా నమ్మకం.

ఇక పదవీకాలం. కొలంబియా రాజధాని బొగోటా మేయర్ ఎన్రికే పెన్యలోసా ఫుట్‌పాత్‌ల మీద కార్లు ఎక్కకుండా దిమ్మెలు పాతించినందుకు, ఆయన్ను పదవి నుంచి దించాలని సంతకాలు సేకరించారు. ఆయన తెచ్చిన ట్రాన్స్‌మిలేనియో బస్సులు మొదలైంది 2000 డిసెంబరులో. పదవీకాలం ముగిసింది అదే నెల 31న. తర్వాత వచ్చిన అంతానాస్ మోకుస్ ఆ పనిని కొనసాగించారు కాబట్టి అది బతికింది. లండన్‌లో అలా జరగలేదు. లివింగ్‌స్టన్ 2007లో పడమటి వైపు విస్తరించిన సుంకం ప్రాంతాన్ని తర్వాతి మేయర్ బోరిస్ జాన్సన్ ఎత్తేశారు. నాలుగేళ్ల పదవిలో మొదలుపెట్టిన పని అయిదో ఏడు నిలవాలంటే వీధిలో నడిచేవాళ్లకు దాని రుచి అప్పటికే తెలిసి ఉండాలి.

స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో అది తెలిసేలా చేశారు, కాస్త వింతగానే. 2002 ఎన్నికల ముందు రద్దీ సుంకం వేయబోమని మాటిచ్చిన అనీకా బిల్‌స్ట్రమ్ మేయరయ్యాక, జాతీయ స్థాయిలో గ్రీన్ పార్టీ మద్దతు కోసం జరిగిన బేరంలో ఆ మాట తప్పాల్సి వచ్చింది. జనం మండిపడ్డారు, సర్వేల్లో ఎక్కువమంది వద్దన్నారు. దాంతో ముందు ప్రయోగం, తర్వాత ఓటింగ్ అని తేల్చారు. 2005 ఆగస్టులోనే దాదాపు 200 బస్సులు, కొత్త రూట్లు వచ్చాయి. 2006 జనవరి 3న కెమెరాలు పనిచేయడం మొదలైంది. నగరంలోకి వచ్చీపోయే వాహనాలు అయిదో వంతు తగ్గాయి. ఆ తేడా లెక్కల్లో వెతకక్కర్లేదు, కిటికీలోంచి కనబడింది. జులై 31న ప్రయోగం ముగిసి, కెమెరాలు ఆగగానే కార్లు తిరిగొచ్చాయి, అదీ కిటికీలోంచి కనబడింది. రెండు రకాల రోడ్లనూ చూసిన జనం సెప్టెంబరు 17న ఓటేశారు. నగరంలో మెజారిటీ సుంకం కావాలంది. చుట్టుపక్కల ఊళ్లలో ఓటింగ్ జరిగినచోట ఎక్కువగా వద్దన్నారు.

అదే రోజు సాధారణ ఎన్నికలు కూడా జరిగాయి. బిల్‌స్ట్రమ్ పార్టీ నగరంలో అధికారం కోల్పోయింది, ఆమె అయిష్టంగా తెచ్చిన సుంకం గెలిచింది. అంతకుముందు దాన్ని వ్యతిరేకించిన పార్టీలే కొత్త ప్రభుత్వంలోకి వచ్చి 2007 ఆగస్టు 1 నుంచి శాశ్వతం చేశాయి. వసూలైన డబ్బును మాత్రం కొత్త రోడ్లకు కేటాయించాయి.